మా అత్తకు చూపించిన గుర్రాల సినిమాలు

గుర్రాల సినిమా ఎన్నడూ చూడనివాళ్ళకు మొదటిరోజే తుపాకులు ఎక్కువున్నది ఇవ్వకూడదు. అందరికీ టోపీలే, అందరికీ గడ్డాలే. కాల్పులు మొదలైతే ఎవరు ఎవరిని కాల్చారో కొత్తవాళ్ళకు అంతుపట్టదు. అరగంటకే విసుగొచ్చి క్యాసెట్ తెచ్చి గల్లా మీద పడేస్తారు. మొదట పశువులున్నది ఇవ్వాలి. ఆవులు, దూడలు, వాగు దాటించడం, ఇవి మన దగ్గర చూడనివాళ్ళు ఎవరున్నారు? ఆ తర్వాత నీళ్ళ తగాదా ఉన్నది ఇవ్వాలి. ఆ తర్వాత ఒంటరివాడి కథ. తుపాకులు చివరికి.

ఈ వరుస నాకెవరూ చెప్పలేదు. మా అత్తకు చూపిస్తూ చూపిస్తూ నేర్చుకున్నాను. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తోంది. "అమ్మా, ఇదంతా అవసరమా?" అని మధ్యలో కలం ఆపుతుంది. అవసరమే, రాయి అంటాను.

బాన్సువాడ బస్టాండు దగ్గర మాకొక షట్టర్ ఉంది, దాని వెనక రెండు గదులు. ఆ జాగా మా అత్తకు ఆమె పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. ఊళ్ళో వరి, చెరుకు మా బావ చూసుకునేవాడు. ఆయన నా పెనిమిటికి అన్న. నా పెనిమిటికి మాత్రం పొలం మీద మనసు నిలవలేదు. చిన్నప్పటినుంచి నిజామాబాదుకు బస్సెక్కి, పొద్దుటాట ఇంగ్లీషు సినిమాలు చూసొచ్చేవాడట. పెళ్ళయ్యాక తల్లిని అడిగి ఆ షట్టర్లో వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టాడు. జనం తెలుగువి, హిందీవి కిరాయికి తీసుకుపోయేవారు. పెళ్ళిళ్ళకు టీవీ, వీసీఆర్ కలిపి ఇచ్చేవాళ్ళం. అన్నిటికంటే కింది అరలో గుర్రాల సినిమాలు ఉండేవి. హైదరాబాదులో పాతవి ఏరి తెచ్చేవాడు. అవి ఎవరూ అడిగేవారు కాదు. అవి ఆయనకోసమే.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు షట్టర్ సగం దించి ఒకటి పెట్టుకునేవాడు. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. "వాళ్ళు మాట్లాడేదే తక్కువ. మనకు ఇంగ్లీషెందుకే?" అనేవాడు. అట్లా చేటలో బియ్యంతో పాటు నాకూ ఆ సినిమాలు పట్టుబడ్డాయి.

ఒక వానాకాలం కామెర్లు వచ్చి ఆయన పోయాడు. బిడ్డకు అప్పుడు నాలుగేళ్ళు. పదకొండు రోజులు కాగానే నేను షట్టర్ ఎత్తాను. పెట్టెల మీద రాతలు చదవలేను కనుక క్యాసెట్లకు ఊలు దారాలు కట్టుకున్నాను. పసుపుది ఏడుపు సినిమా, ఎరుపుది కొట్లాట, పచ్చది నవ్వులు, నల్లది గుర్రాలు. వానాకాలం రీళ్ళకు తెల్లగా బూజు పడుతుంది. అది తుడవకపోతే వీసీఆర్ లోపలి హెడ్డు చెడిపోతుంది, బొమ్మ మీద గీతలు వస్తాయి. ఆ పని ఆయన చేస్తుంటే చూసినదాన్నే. ఎండ తగలని వెలుతురులో కూర్చుని, మెత్తటి బట్టతో ఒక్కో రీలూ తుడిచాను. కింది అరలోవి కూడా వదల్లేదు.

సంవత్సరీకం అయిన మర్నాడు బావ దుకాణానికి వచ్చాడు. బెంచీ మీద కూర్చుని చాయ్ తాగి, మెల్లగా ఎత్తుకున్నాడు.

"ఏమ్మా, క్యాసెట్ల జమానా ఒడిసిపోయింది. ఇంటింటికీ డిష్ తీగలు గుంజుతుండ్రు. ఈ షట్టర్ ఎరువుల దుకాణపాయన అడుగుతుండు. ఇచ్చేద్దాం. నువ్వు పిల్లను తీస్కొని ఊర్లకు రా. గంత పెద్దిల్లు, నీకు తిండికి తక్కువయితదా?"

"తిండికి కాదు బావా."

"మరి దేనికి?"

అప్పుడు నోటికి రాలేదు. ఇప్పుడు చెప్తాను. ఆ ఇంట్లో నాకు ఏ లోటూ ఉండేది కాదు, నిజమే. కానీ అక్కడ పొద్దున్న లేస్తే ఏం చెయ్యాలో ఒకరు చెప్పాలి, నేను చెయ్యాలి. షట్టర్లో కూర్చుంటే దారినపోయే మనిషి లోపలికి వచ్చి, "అక్కా, ఏది మంచిగుంటది?" అని నన్ను అడుగుతాడు. ఏది బాగుంటుందని నన్ను ఒక మనిషి అడిగే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. దాన్ని వదిలి పోనని ఆరోజే అనుకున్నాను.

కానీ అనుకుంటే అయ్యేదా? జాగా మా అత్తది. ఆమె వేలిముద్ర వేస్తే షట్టర్ ఎరువులాయనది. బావ అడిగినప్పుడల్లా ఆమె "చూద్దాం తియ్యి" అంటూ వచ్చింది. ఎటు చూస్తుందో ఎవరికీ తెలియదు. నాతో కూడా అవసరానికి మించి మాట్లాడేది కాదు. దుకాణం పెట్టడం వల్లే కొడుకు పొలానికి దూరమయ్యాడని ఆమెకు కినుక.

ఆ చలికాలంలో ఆమె కంటికి ఆపరేషన్ అయింది. చానాళ్ళుగా పొర కమ్మి, మనిషి ఎదురుగా నిలబడితే గొంతుతో గుర్తుపట్టేది. నలభై రోజులు పొయ్యి పొగ తగలొద్దు, దుమ్ము పడొద్దు అన్నారు దవాఖానలో. ఊళ్ళో కట్టెల పొయ్యి, చుట్టూ పసులు, గడ్డి. నా దగ్గర గ్యాసు పొయ్యి ఉంది. కాబట్టి బావ ఆమెను తెచ్చి నా గదిలో మంచం మీద కూర్చోబెట్టాడు.

"యాసంగి నాట్లు పడంగనే వచ్చి తోలుకపోత అవ్వా. షట్టర్ ముచ్చట గూడ అప్పుడే తెంపుదాం" అన్నాడు. మా దిక్కు తల్లిని అవ్వ అంటారు.

"గట్లనే తియ్యి" అంది ఆమె.

నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను. నాకు నలభై రోజులు ఉన్నాయి. బతిమాలితే వినే మనిషి కాదు. ఏడిస్తే అసలు వినదు. ఈ దుకాణం ఏమిటో ఆమె తన కంటితో చూడాలి, అంతే అనుకున్నాను. అబద్ధమెందుకు, మొదట ఆమెకు సినిమా చూపించింది షట్టర్ కోసమే.

కట్టు విప్పి మందపాటి అద్దాలు పెట్టిన రోజు ఆమె మొదట నన్ను చూసింది.

"గింత నల్లగున్నవేందే నువ్వు?" అంది.

"మొదటినుంచి ఇంతే అత్తా. మీకే కనపడలే."

"పెండ్లి చూపులప్పుడు తెల్లగనే ఉంటివి."

"అప్పుడు పౌడరు."

ఆమె నవ్వలేదు కానీ పెదవి ఒక పక్కకు పోయింది. తర్వాత గోడ మీద కొడుకు ఫొటో దగ్గరికి వెళ్ళింది. ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చాలాసేపు చూసింది. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

కన్నుకు టీవీ చూసే సెలవు దొరికాక మొదట పసుపు దారం సినిమా పెట్టాను. ఆడవాళ్ళకు ఎప్పుడూ అదే ఇచ్చే అలవాటు. అందులో ఒక తల్లి కొడుకును పట్టుకుని ఏడుస్తుంటే, మా అత్త చెయ్యెత్తింది.

"బంద్ చెయ్యి. నా కాడ ఏడుపు లేదనా, కిరాయికి తెచ్చి చూసుడు?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. తప్పు ఆమెది కాదు, ఇచ్చినదానిది. ఎవరికి ఏది కావాలో చూడకుండా ఇచ్చాను. ఆ మర్నాడు మధ్యాహ్నం కింది అర దగ్గర కూర్చుని, నల్ల దారాల్లో ఒకటి తీశాను. పేరు నాకు తెలియదు. నేను దాన్ని ఎద్దుల మంద సినిమా అంటాను. కనుచూపు మేర పశువులు. వాటిని తోలుకుంటూ నెలలకొద్దీ నడుస్తారు, ఒక పెద్ద వాగు దాటిస్తారు. పాటలు లేవు, ఏడుపులు లేవు.

మా అత్త మొదట మంచం మీద ఒరిగి చూసింది. తర్వాత లేచి కూర్చుంది. ఆ తర్వాత కాళ్ళు కింద పెట్టింది.

"గన్ని పసులు! పేడ ఎవరెత్తుతరే?"

"ఎవరూ ఎత్తరు. నడుస్తనే ఉంటరు."

"దండుగ. గింత పేడ దండుగ." కాసేపటికి మళ్ళీ, "గడ్డి లేని జాగల కెల్లి ఎందుకు తోలుతుండు? అకల్ లేదా?" వాగు దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగింది. "ముందుగాల పెద్దదాన్ని దింపాలె. దూడల్ని దింపుతరా? నీ పాడుగాను, గా ముసల్దాన్ని దింపు!" సినిమాలో వాడు నిజంగానే ముసలి ఆవును దింపాడు. "గట్ల" అంది, వాడు తన మాటే విన్నట్టు.

ఇంకొక సంగతి. ఆ కొత్త కన్నుకు దూరం బాగా కనిపించేది. గుట్ట మీద ఒక చుక్కలా దుమ్ము లేస్తే నాకంటే ముందు ఆమె పట్టేది. "అగో, ఎవడో వస్తుండు. ఇద్దరు. కాదు, ముగ్గురు." అట్లా చూడగలగడం ఆమెకే వింతగా ఉండేది. సినిమా అయ్యాక కూడా బయట బెంచీ మీద కూర్చుని, రోడ్డు చివర మలుపు తిరిగే బస్సును చూసి, "అగో, బస్సు" అనేది.

రెండోరోజు అన్నం పళ్ళెం ముందు పెట్టగానే అడిగింది, "ఇయ్యాల్ల గుర్రాలు లేవా?"

ఇక రోజుకొకటి. బావి కోసం రెండు ఇళ్ళు కొట్టుకునే సినిమా పెట్టాను. నిజాంసాగర్ కాలువ వంతు కోసం పారలు ఎత్తుకున్న ఊళ్ళో పుట్టిన మనిషికి దాంట్లో ఒక్క ముక్క కూడా వివరించాల్సిన అవసరం రాలేదు. బండ్ల మీద పిల్లలూ సామానూ వేసుకుని కొత్త భూములకు పోయే జనం సినిమా పెడితే, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

"వర్ని దిక్కు క్యాంపులోళ్ళు ఆంధ్ర నుంచి గిట్లనే వచ్చిండ్రు. నేను కొత్త కోడలిని. డేరాలు ఏసుకున్నరు. వాళ్ళ ఆడోళ్ళు మా బాయికాడికి నీళ్ళకొస్తే, వాళ్ళ మాట మాకు నవ్వొచ్చేది, మా మాట వాళ్ళకు నవ్వొచ్చేది. గిప్పుడు చూడు, నాట్లెప్పుడెయ్యాల్నో వాళ్ళనే అడుగుతం."

మంచివాడెవరో చెడ్డవాడెవరో ఆమె ముందే చెప్పేసేది. నేను ఎన్నోసార్లు చూసినదాన్ని, నోరు మూసుకుని ఉండేదాన్ని. ఆమె లెక్క ఒక్కటే. గుర్రం దిగగానే ఎవడైతే ముందు గుర్రానికి నీళ్ళు పెడతాడో వాడు మంచివాడు. గుర్రాన్ని ఎండలో కట్టేసి తాను నీడకు పోయేవాడు దొంగ. "ఎండల కట్టేసిండు. వీడు మంచోడు కాదు, రాసిపెట్టుకో." ఎక్కువసార్లు ఆమె మాటే నిజమయ్యేది. అన్నేళ్ళు చూసిన నాకు ఆ లెక్క తట్టలేదు. అప్పటినుంచి ఏ గుర్రాల సినిమా చూసినా నా కళ్ళు ముందు తొట్టి వైపే పోతాయి.

మూడు వారాలు గడిచేసరికి ఆమె దుకాణంలోకి వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఒక పిల్లగాడు, కాలేజీ చదివేవాడు, కొత్త తెలుగు సినిమా కోసం వచ్చాడు. అది బయటికి పోయి ఉంది. వాడు వెనక్కి తిరుగుతుంటే మా అత్త నల్ల దారం క్యాసెట్ ఒకటి ముందుకు తోసింది.

"గిది తీస్కపో. గుర్రానికి నీళ్ళు పెట్టేటోడు ఉన్నడు."

"నాకు ఇంగ్లీషు సమజ్ కాదు అవ్వా."

"నాకు అయితదారా?"

వాడు నవ్వి తీసుకుపోయాడు. మర్నాడు తెచ్చి, "గసొంటిదే ఇంకోటి ఉంటే ఇయ్యవ్వా" అన్నాడు. నన్ను అడగలేదు, ఆమెను అడిగాడు. మా అత్త నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఏది బాగుంటుందని తననొక మనిషి అడగడం ఆమెకూ అదే మొదటిసారి. ఆరోజు అనుకున్నాను, షట్టర్ దక్కింది, ఇక ఒక్క దెబ్బ వేస్తే చాలు అని.

ఆ ఒక్క దెబ్బ కోసం ఎర్ర కొండల సినిమా దాచిపెట్టాను. నా పెనిమిటికి అన్నిటిలోకీ అదంటే ప్రాణం. ఒకడు తన గుర్రంతో ఎర్రటి కొండల్లో ఒంటరిగా పోతుంటాడు. సినిమా సగం దాకా వాడూ గుర్రమే. వాడు తాగకముందు దానికి తాగిస్తాడు, వాడు తినకముందు దానికి మేత వేస్తాడు. మా అత్తకు ఇంతకంటే మంచివాడు ఎక్కడ దొరుకుతాడు? బావ వచ్చేందుకు వారం ఉందనగా పెట్టాను.

అందులో మధ్యలో ఒకచోట రీలు పాడైందని నాకు తెలుసు. అక్కడికి రాగానే నా పెనిమిటి లేచి, "ఇక్కడ బూజు పట్టింది, హెడ్డు పాడైతది" అంటూ మీట నొక్కి కొంచెం ముందుకు ఉరికించేవాడు. చూసిన ప్రతిసారీ అంతే. ఆరోజు నేనూ ఉరికిద్దామని వీసీఆర్ దగ్గర కూర్చున్నాను. ఆ చోటు వచ్చింది. గీతలు లేవు. బొమ్మ అద్దంలా ఉంది. నేనే కదా తుడిచింది, బాగైంది కాబోలు అని నాలో నేను మురిసిపోయి వదిలేశాను.

గుర్రం రాళ్ళ మీద జారి పడింది. ముందు కాలు విరిగింది. లేవబోయి మళ్ళీ పడింది. వాడు దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కాలు తడిమి, జీను విప్పి పక్కన పెట్టాడు. తర్వాత నడుముకున్న తుపాకీ తీశాడు.

మా అత్త లేచి నిలబడింది. "బంద్ చెయ్యి."

నేను గభాలున మీట నొక్కాను. టీవీ నల్లబడింది.

"నీళ్ళు పెట్టినోడే గదనే" అంది. "నీళ్ళు పెట్టిన చేత్తోనేనా?"

"అత్తా, నాకు తెల్వదు, నేను గీ ముక్క ఎన్నడు..."

"నా సంచి సదురు. ఊరికి పోత."

నలభై రోజులు కాలేదని, పొగ తగిలితే కన్ను పోతుందని చెప్పి ఆపగలిగాను కానీ, ఆమె నోరు తెరిపించలేకపోయాను. మూడు రోజులు గోడవైపే తిరిగి పడుకుంది. పిలిస్తే పలకలేదు. గుర్రాలు అడగలేదు. నా షట్టర్‌ను నా చేత్తో నేనే ఎరువులాయనకు ఇచ్చేసుకున్నాను అనుకున్నాను.

అయినా నేను ఊరుకునే మనిషినా? ఆ మూడు రోజులూ నా తలలో ఒకటే తిరిగింది. బూజు పట్టిన రీలు తుడిస్తే బూజు పోతుంది, కానీ మచ్చ ఉంటుంది. ఎంతో కొంత గీత పడుతుంది. ఇంతకాలం ఎన్ని రీళ్ళు చూశాను, ఆ మాత్రం తెలియదా? అక్కడ మచ్చే లేదు. అంటే ఎన్నడూ బూజు లేదు. మరి ఆయన నాతో అబద్ధం ఎందుకు చెప్పాడు?

నాలుగోరోజు కంట్లో మందు వేసేటప్పుడు అడిగాను. ఆ సమయంలో వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు, గోడవైపు తిరగడానికి ఉండదు.

"అత్తా, ఆ గుర్రం కాలు విరిగే ముక్క మీ కొడుకు నన్నెన్నడు చూడనియ్యలే. ఉరికించేటోడు."

ఆమె రెప్ప కదిలింది. "ఎందుకట?"

"బూజు పట్టిందనేటోడు."

"పట్టిందా?"

"లేదు."

ఆమె పైకప్పు చూస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఒక కుంటెద్దు ఉండేదని నేను విన్నాను కానీ, ఎవరూ పూర్తిగా చెప్పలేదు. కాలువ తూములో కాలు పడి విరిగిందట. ఇక నిలబడదు, బండి లాగదు, మడి దున్నదు. కోతకు పసులను కొనే బేరగాడు తాడు పట్టుకుని వచ్చాడు. మా మామ ఒప్పుకున్నాడు. బావ అప్పటికే మీసాలు వచ్చినవాడు, ఇచ్చేద్దామన్నాడు. నా పెనిమిటి బడికి పోయే ఈడువాడు. కొట్టంలోకి పోయి ఎద్దు మెడ పట్టుకుని కూర్చున్నాడట. తిట్టినా రాలేదు, కొట్టినా రాలేదు.

"మీ మామ తాడు విప్పి బేరగాని మీదికి ఇసిరేసిండు. పో అన్నడు. అది మూడు కాళ్ళ మీద ఏడేండ్లు బతికింది. ఏం పని చెయ్యలే. తిన్నది, ఉన్నది. కానీ అది కొట్టంల ఉంటే తక్కిన పసులు నిమ్మళంగ ఉండేటివి. సచ్చినంక పసుపు, కుంకుమ పెట్టి, కొత్త బట్ట కప్పి చేన్ల బొంద పెట్టినం. వాడే మోసిండు మట్టి."

కంటి చివర నుంచి నీళ్ళు చెవి వైపు జారాయి.

"మందు కారిపోయింది. మళ్ళ వెయ్యి" అంది.

మళ్ళీ వేశాను.

అప్పటికి నా మనసులో షట్టర్ లేదు. ఆ మనిషితో తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. పక్కన కూర్చుని అదే సినిమా ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారీ చెప్పలేదు. మా అత్తకేమో కొడుకు పొలాన్ని, పసులను వదిలేసి టోపీల సినిమాలు పట్టుకున్నాడనే ఇన్నాళ్ళూ కోపం. ఆ సినిమాల్లో ఆయన ఏం చూస్తున్నాడో, ఏది చూడలేకపోయాడో ఇద్దరికీ ఆరోజే తెలిసింది.

నాట్లు పడ్డాయి. బావ వచ్చాడు. కాళ్ళకు ఇంకా బురద ఎండి ఉంది. చాయ్ ఇచ్చాను. తాగి, జేబులోంచి కాగితం తీసి మంచం మీద పెట్టాడు.

"అవ్వా, ఎరువులాయన తయారుగున్నడు. నువ్వు వేలేస్తే అయిపోతది."

"దీన్ని అడిగినవా?" అంది మా అత్త నన్ను చూపించి.

"బావా, నేను ఇయ్యను" అన్నాను. ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "అత్త వేలేస్తే నేను చేసేదేం లేదు. కానీ నన్ను అడిగితే ఇయ్యను. గిరాకీ తగ్గింది నిజమే. బంద్ కాలే. నడుపుకుంట."

బావ చెడ్డవాడు కాదు. ఆయన చూసినది ఆయన చెప్పాడు. "ఎన్నొద్దులు నడుపుతవమ్మా? డిష్ వచ్చింది, రేపు ఇంకోటొస్తది. కుంటెద్దును ఎన్నొద్దులని మేపుతం?"

మామూలుగా అందరూ అనే మాట అది. అన్నాక ఆయనకే తెలిసి నాలుక కరుచుకున్నాడు. మా అత్త అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఎన్నొద్దులు మేపినంరా?"

"అవ్వా, నేను గా ఉద్దేశంతోని అనలే."

"ఎన్నొద్దులు మేపినమంటున్న."

"ఏడేండ్లు" అన్నాడు కింద చూస్తూ.

"గంతే. ఏడేండ్లు దీని చేతిల ఉంటది. అటెనుక చూద్దాం." కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది. "గుర్రాలు చూసిపోతవా? ఇయ్యాల్ల బాయి సినిమా."

బావ చూడలేదు. కానీ అవ్వను కూడా ఆరోజు తీసుకుపోలేదు. ఆమె ఇంకో పది రోజులు ఉండి పోయింది.

ఏడేళ్ళంటే తక్కువేం కాదు. కేబుల్ నిండిపోయింది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. నేనూ సీడీలు పెట్టాను. వాటికి దారం కట్టలేను కనుక కవరు మూలన రంగు చుక్కలు పెట్టుకున్నాను. బిడ్డ పెద్దదై పేర్లు చదివి చెప్పేది. నేను మాత్రం నా పేర్లతోనే పిలిచేదాన్ని. ఉగాదికొక ముడి చొప్పున నల్ల ఊలు దారానికి వేస్తూ వచ్చాను. ఏడో ముడి పడ్డాక షట్టర్ దించి, తాళంచెవి, వీసీఆర్, ఎర్ర కొండల క్యాసెట్ సంచిలో వేసుకుని ఊరికి బస్సెక్కాను. మాట అంటే మాటే. ఆమె ఇచ్చినన్నాళ్ళు ఉంచుకున్నాను, గడువు తీరగానే నేనే తెచ్చి ఇవ్వాలి. అడిగించుకోకూడదు.

మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. నన్ను వీధి చివరే గుర్తుపట్టి, "అగో, నల్లది వస్తుంది" అంది.

తాళంచెవి ఆమె ముందు పెట్టాను. దాన్ని చూడనే లేదు. సంచి తడిమింది.

"గా మిషన్ తెచ్చినవా? ఏ సినిమా?"

"ఎర్ర కొండలది. కానీ ఆ ముక్క ఉరికిస్త అత్తా."

"ఉరికియ్యకు. నాడు లేసి పోయిన. వాడు దాని మొఖం మీద చెయ్యి పెట్టిండా లేదా, గదే ఇన్నేండ్ల నుంచి నాకు తిరుగుతుంది."

ఇంట్లో టీవీకి వీసీఆర్ తగిలించి పెట్టాను. పొలం నుంచి వచ్చిన బావ గడపలో నిలబడి, తల తుడుచుకుంటూ అటే చూస్తూ ఉండిపోయాడు. ఆ చోటు వచ్చింది. గుర్రం పడింది. వాడు కాలు తడిమాడు, జీను విప్పాడు, తుపాకీ తీశాడు. మా అత్త నా మణికట్టు పట్టుకుంది. వాడు ఎడమ చెయ్యి దాని నుదుటి మీద పెట్టాడు. అంతలో బొమ్మ మారిపోయి కొండలు, ఆకాశం. ఎక్కడో చప్పుడు. నాలుగు పిట్టలు లేచి ఎగిరాయి. మళ్ళీ చూపిస్తే వాడు జీను భుజాన వేసుకుని నడిచిపోతున్నాడు.

"ఏది?" అంది మా అత్త. "చూపెట్టలేదేందే?"

"చూపెట్టలే అత్తా. గంతే ఉన్నది."

"గింతకేనా?" అంది. "గింతకేనా పిచ్చోడు, అన్నేండ్లు ఉరికించిండు?" నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ అంతే. ఆయన ఆ గుర్రం చావును ఒక్కసారి కూడా చూడలేదు, అందుకే అక్కడ ఏమీ చూపించరని ఆయనకు తెలియనే లేదు.

సినిమా అయ్యాక తాళంచెవిని ఆమె వైపు జరిపాను. "ఏడేండ్లు అయినయి అత్తా."

"ఎద్దు ఏడేండ్లే ఉన్నదని ఎవరు చెప్పిండ్రు? తొమ్మిదేమో. పదేమో." గడప వైపు తిరిగింది. "నువ్వు లెక్కపెట్టినవారా?"

బావ తలగుడ్డ భుజాన వేసుకున్నాడు. "నేనేడ లెక్కపెట్టిన అవ్వా" అన్నాడు.

తాళంచెవి తీసి నడుముకు దోపుకున్నాను.

ఇప్పుడు ఆ షట్టర్లో సీడీలు కూడా లేవు. గాజులు అమ్ముతాను, చీరలకు ఫాల్స్ కుడతాను. మా అత్త లేదు. కింది అరలో నల్ల దారాలు మాత్రం ఉన్నాయి. ఇంట్లో కూర్చుని సినిమాలు చూడటం కొత్తగా పట్టుకున్నవాళ్ళు ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, "అక్కా, గుర్రాలయి ఏవి మంచిగుంటయి?" అని అడుగుతారు. ఫోన్లో వెతుక్కుంటారట. నేను చెప్తాను. మొదట పశువులది చూడు. తర్వాత నీళ్ళ తగాదాది. గుర్రానికి ఎవడు ముందు నీళ్ళు పెడతాడో చూస్తూ ఉండు. ఒంటరివాడి కథ ఆ తర్వాత. అందులో మధ్యలో ఒకచోట చూడలేననిపించి ఉరికించబుద్ధవుతుంది. ఉరికించకు, కూర్చో.